తూకం చెప్పని సంగతి

ఓపీ చీటీ మీద నర్సమ్మ మీ అమ్మాయి బరువు రాస్తుంది: 18 కిలోలు. పిల్లకు ఎనిమిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. సొంతంగా నిలబడలేదు, కండరాలు బిగుసుకుని ఉంటాయి, మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. ఆ అంకె చూడగానే మీకు ప్రాణం ఉసూరుమంటుంది. "పిల్ల మరీ బక్కగైందేంది వదినా, సరిగ్గ తింటలేదా?" అని మొన్న పక్కింటావిడ అడిగిన మాట గుర్తొస్తుంది. హైదరాబాద్ పంజాగుట్టలోని ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేలోపే ఒక నిర్ణయం జరిగిపోతుంది. రేపటి నుంచి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి, పాలలో ఇంకో చెంచా పొడి.

ఆ గరిటె వేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఈ 18 కిలోలలో కండ ఎంత, కొవ్వు ఎంత?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెబుతాను. నడిచే పిల్లకు కాళ్లలో కండ పెరుగుతుంది, ఎముక గట్టిపడుతుంది. నడవని పిల్లకు ఆ రెండూ తక్కువగానే ఉంటాయి. అందుకని ఆ పిల్ల బరువు తక్కువగా కనిపించినా, ఆ తక్కువ బరువులోనే కొవ్వు వాటా ఎక్కువ ఉండవచ్చు. కదలిక తక్కువ కాబట్టి ఒంటికి ఖర్చయ్యే శక్తీ తక్కువే. ట్యూబు ద్వారా ఆహారం తీసుకునే పిల్లల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది: బరువు పట్టికలో కింది గీత దగ్గరే ఉంటారు, లోపల మాత్రం కొవ్వు పేరుకుంటూ ఉంటుంది. అలాంటి పిల్లకు నెయ్యి పెంచితే పెరిగేది కొవ్వే. ఆ భారం ఊపిరి మీద, వంగిన వెన్ను మీద, రోజుకు పదిసార్లు ఎత్తుకునే మీ నడుం మీద పడుతుంది. ఇంకో పిల్ల విషయంలో ఇదంతా తలకిందులు. మింగడం కష్టమై, ఒక్కో పూట తిండి గంటసేపు సాగి, నిజంగానే ఒంట్లో నిల్వలు కరిగిపోతుంటాయి. ఆ పిల్లకు నెయ్యీ కావాలి, డాక్టరూ వెంటనే కావాలి. తూకం మాత్రం ఇద్దరికీ అదే 18 చూపిస్తుంది.

బీఎంఐ లెక్క ఇక్కడ సరిగ్గా పనిచేయదు. అది బరువును ఎత్తుతో పోల్చి చెప్పే లెక్క. వెన్ను వంగి, తుంటి పక్కకు జరిగి, మడమలు నేలకు ఆనని పిల్ల ఎత్తు ఎక్కడ నుంచి ఎక్కడికి కొలుస్తారు? ఒకవేళ కొలిచినా, బీఎంఐకి కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో విడుదల చేసిన పట్టికలు మన పిల్లలకు బాగా ఉపయోగపడేవే. అయితే అవి నిలబడి ఎత్తు ఇచ్చే పిల్లల కోసం తయారైనవి.

పంజాగుట్టలో ఉండి బరువు గురించి మాట్లాడుతూ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇక్కడున్న నిమ్స్ ఆసుపత్రి ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో క్షిపణుల ప్రయోగశాలలో పనిచేసే రోజుల్లో నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు అక్కడికి వెళ్లి, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. కలాంను తన ఆసుపత్రికి తీసుకొచ్చి, ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా తూగే ఇనుప కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం తర్వాత తన ప్రసంగాల్లో చెప్పేవారు. ఆ పిల్లలు ఎక్కువగా పోలియో బాధితులు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది కాబట్టి ఇప్పటి పిల్లల అవసరాలు వేరు. కానీ 18 కిలోల పిల్ల కాళ్లకు తొడిగిన వస్తువు బరువు కూడా లెక్కలోకి వస్తుందని చూపించిన చోటు ఇది.

కాబట్టి మొదటి పని తూకాన్ని శుభ్రం చేయడం. కాలిపర్లు, ఏఎఫ్ఓలు (చీలమండకు తొడిగే ఆధారాలు), బూట్లు విప్పి తూచండి. విప్పడం కుదరని రోజు వాటిని విడిగా తూచి అంకె రాసిపెట్టుకుని తీసివేయండి. పిల్లను ఎత్తుకుని మీరు తూకం ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, రెండో అంకెను మొదటి దాంట్లోంచి తీసేస్తే చాలు. వంద గ్రాముల తేడా చూపించే డిజిటల్ తూకమైతే మంచిది. ఉదయాన్నే, తినకముందు, డైపర్ మార్చాక, ఒకే రకం పలచటి బట్టలతో. ఈ పిల్లల్లో మలబద్ధకం చాలా మామూలు. నాలుగు రోజులుగా కడుపు కదలకపోతే ఆ రోజు తూకం నమ్మకండి. వీల్‌చెయిర్‌తో సహా ఎక్కించే పెద్ద తూకం దొరికితే కుర్చీ బరువు ముందే తూచి దాని వెనకాల రాసి అంటించండి. ప్రతిసారీ వెతుక్కునే పని తప్పుతుంది.

రెండో పని పొడవు. పిల్లను నిలబెట్టలేకపోతే కాలి నుంచి ఎత్తు కట్టవచ్చు. 1995లో స్టీవెన్‌సన్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు సెరిబ్రల్ పాల్సీ ఉన్న పన్నెండేళ్ల లోపు పిల్లలను కొలిచి ఇచ్చిన సూత్రాలు ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. పిల్లను కూర్చోబెట్టి, మోకాలు, చీలమండ రెండూ లంబకోణంలో ఉంచి, మడమ అడుగు నుంచి మోకాలి పైభాగం దాకా కొలవాలి. ఆ సెంటీమీటర్లను 2.69తో గుణించి 24.2 కలపాలి. 34 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, ఎత్తు దాదాపు 115.7. పాదం కిందికి బిగుసుకుపోయి చీలమండ వంగని పిల్లకు మోకాలి కింది ఎముకను మాత్రమే కొలుస్తారు. లోపలి వైపు ఆ ఎముక పై అంచు నుంచి చీలమండ లోపలి గుబ్బ కింది దాకా. దాన్ని 3.26తో గుణించి 30.8 కలపాలి. అదే పిల్లకు ఆ ఎముక 26 సెంటీమీటర్లుంటే ఎత్తు 115.6. రెండు దారుల్లోనూ దగ్గరగా వచ్చిందంటే కొలత నమ్మదగ్గదే. దర్జీలు వాడే గుడ్డ టేపు కాలక్రమంలో సాగుతుంది. ఇనుప టేపుగానీ సాగని ప్లాస్టిక్ టేపుగానీ కొనుక్కోండి. ఎప్పుడూ ఒకే కాలు కొలవండి, తక్కువ దెబ్బతిన్న కాలు. ఏ కాలో కూడా రాయండి.

ఇక అసలు విషయం, కొవ్వు.

ఒంట్లో కొవ్వును చేత్తో కొలిచే పాత పద్ధతి చర్మపు మడత. వేళ్లతో చర్మాన్ని, దాని కింది కొవ్వు పొరను కలిపి కండ మీంచి పైకి తీసి, ఆ మడత మందాన్ని ఒక పరికరంతో మిల్లీమీటర్లలో చదువుతారు. ఇది ఎక్కడో విదేశాల్లో చేసే పరీక్ష అనుకోకండి. 2016 నుంచి 2018 దాకా మన దేశమంతా జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లలకు చేతి వెనకా, వీపు మీదా ఈ మడతలు కొలిచారు. డైటీషియన్లకు ఇది చదువులో భాగం. అయినా ఓపీ రద్దీలో ఎవరూ తమంతట తాము కొలవకపోవచ్చు. మీరు అడగాలి. "మేడం, ట్రైసెప్స్ స్కిన్‌ఫోల్డ్ ఒకసారి చూస్తారా?" అని ఆ పేరుతోనే అడగండి. పేరు పెట్టి అడిగిన తల్లిదండ్రులకు దొరికే జవాబే వేరు.

కొలిచేటప్పుడు మీరు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. భుజం పైనున్న ఎముక కొనకూ మోచేతి కొనకూ సరిగ్గా మధ్యన, చేయి వెనక వైపు గుర్తు పెట్టాలి. చేయి వదులుగా వేలాడాలి. బిగుసుకున్న చేతిలో కండ కూడా మడతలోకి వచ్చేస్తుంది కాబట్టి పిల్ల స్థిమితపడేదాకా ఆగమని చెప్పండి, మొహమాటపడకండి. ఒక పక్క మాత్రమే దెబ్బతిన్న పిల్లకు బాగున్న చేయి కొలవాలి. పరికరం వదిలాక రెండు సెకన్లాగి చదవాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. రెండో చోటు వీపు మీద, రెక్క ఎముక కింది కొనకు దిగువన. ఈ రెండో మడత వదిలేయనివ్వకండి. చేతుల మీద సన్నగా ఉండి నడుము చుట్టూ నిల్వలున్న పిల్లలను పట్టించేది అదే.

ఈ రెండు మడతల మొత్తం నుంచి ఒంట్లో కొవ్వు శాతం చెప్పే సూత్రాన్ని 1988లో స్లాటర్, ఆమె సహచరులు ఇచ్చారు. చేతి మడత 8 మిల్లీమీటర్లు, వీపు మడత 7 అనుకుందాం. మొత్తం 15. చిన్న ఆడపిల్లకు ఆ సూత్రం చెప్పే జవాబు 14.5 శాతం. ఆరోగ్యంగా పరిగెత్తే పిల్లల మీద తయారైన సూత్రం అది. 2010లో గుర్కా బృందం సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఇదే సూత్రం వాడి, ఎక్స్‌రే ఆధారంగా పనిచేసే డెక్సా స్కాన్‌తో సరిపోల్చింది. సూత్రం చాలా తక్కువ చెబుతోందని తేలింది. ఈ పిల్లల్లో కొవ్వు చర్మం కింద కన్నా లోపల, కండరాల మధ్య ఎక్కువగా దాగడం అందుకు ఒక కారణం కావచ్చు. వాళ్లు సూచించిన సవరణలో మొదటి అంకె 12.2. దాన్ని కలిపితే మన ఉదాహరణలోని పిల్ల 14.5 నుంచి 26 దాటిపోతుంది. కదలిక బాగా తక్కువున్న పిల్లకు ఇంకొంత కలపాలి, మగపిల్లాడికి కొంత తీసేయాలి.

18 కిలోలలో 14.5 శాతమంటే రెండున్నర కిలోల కొవ్వు. 26 దాటిందంటే దాదాపు అయిదు కిలోలు. పిల్ల అదే, మడతలు అవే, పరికరం అదే. వాడిన సూత్రం ఎవరి ఒంటి కోసం తయారైందన్న దాన్ని బట్టి "పాపం, బక్కపిల్ల" అన్న మాట కాస్తా "కండ తక్కువైన పిల్ల" అయింది. వైద్యం మారిపోతుంది. నెయ్యి గరిటె స్థానంలో పప్పు, గుడ్డు, పెరుగు, రోజూ నిలబెట్టే చెక్క, ఫిజియోథెరపీ, విటమిన్ డి ముందుకొస్తాయి. నన్నడిగితే, ఈ పిల్లల పోషణ గురించి తల్లిదండ్రులు నేర్చుకోవాల్సిన వాటిలో దీన్ని మించింది లేదు.

ఈ సవరణ అమెరికన్ పిల్లల మీద జరిగిన పని నుంచి వచ్చింది. కొద్దిమంది పిల్లల మీద కట్టిన సూత్రం ఇచ్చిన శాతాన్ని దేవుడి మాటలా పట్టుకోకూడదు. మన దేశపు పిల్లలు పాశ్చాత్య పిల్లల కన్నా ఎక్కువ కొవ్వు వాటాతో, తక్కువ కండతో పుడతారని పుణె డాక్టరు యాజ్ఞిక్ బృందం 2003లోనే చూపించింది. అందుకే శాతం కన్నా మడత అంకె మీదే నాకు నమ్మకం ఎక్కువ. ఈ జనవరిలో 8, జూలైలో 11, మళ్లీ జనవరిలో 13 అని వస్తే, ఏ సూత్రంతోనూ పని లేకుండా కొవ్వు పెరుగుతోందని తెలిసిపోతుంది. పోల్చాల్సింది ఎదురింటి పిల్లతో కాదు, ఆరు నెలల కిందటి ఇదే పిల్లతో. నరాల సమస్యలున్న పిల్లల పోషణ మీద యూరప్ పిల్లల జీర్ణకోశ, పోషకాహార వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెబుతాయి: బరువు, ఎత్తు మీదే ఆధారపడవద్దు, మడతలు చూడండి, ఆరు నెలలకోసారైనా కొలవండి. ఆ వయసుకు చేతి మడత అట్టడుగు పది శాతంలోకి జారితే దాన్ని ప్రమాద సూచనగా తీసుకోమన్నారు.

"అయితే మా పిల్ల సన్నగా ఉన్నా పరవాలేదన్నమాట" అనుకోవద్దు. ఇది పొరపాటు నమ్మకం. సెరిబ్రల్ పాల్సీ పిల్లల కదలికను అయిదు స్థాయిలుగా విడదీసే జీఎంఎఫ్‌సీఎస్ పద్ధతి 1997లో కెనడాలో వచ్చింది. 2011లో కాలిఫోర్నియాలో 25 వేలకు పైగా పిల్లల కొలతలతో ఆ స్థాయిల వారీగా పట్టికలు తయారయ్యాయి. మూడు నుంచి అయిదో స్థాయి పిల్లల్లో, తమలాంటి పిల్లల్లోనే అట్టడుగు ఇరవై శాతంలో ఉన్నవారికి ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. మీ పిల్ల ఏ స్థాయో ఫిజియో సార్‌ను అడిగి ఫైలు మొదటి పేజీలో రాయించుకోండి. కాస్త కొవ్వు ఒంటికి అవసరం. ఎముకకూ పరుపుకూ మధ్యన మెత్తదనం లేకపోతే ఒంటి మీద పుండ్లు పడతాయి, జ్వరమొస్తే తట్టుకోవడానికి నిల్వ ఉండదు.

అమీర్‌పేట వెళ్తే కోచింగ్ సెంటర్ల మధ్య మధ్యన జిమ్‌లు కనిపిస్తాయి. పాదాలు పెట్టి నిలబడితే ఒంట్లో కొవ్వు శాతం కాగితం మీద వచ్చే మెషిన్లు అక్కడ ఉంటాయి. ఆన్‌లైన్‌లోనూ తక్కువ ధరకే అమ్ముతున్నారు. ఆ మెషిన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, నీరు ఎంతుందో అంచనా వేసి, మిగతాది సూత్రంతో కట్టేస్తుంది. ఆ సూత్రం రెండు కాళ్లూ సమానంగా, నిటారుగా ఉన్న ఒంటి కోసం రాసింది. నీళ్లు సరిగ్గా తాగని రోజు కూడా అంకె మారిపోతుంది. వంకరపోయిన కాళ్లున్న పిల్లను బలవంతంగా దాని మీద నిలబెట్టి వచ్చిన అంకె చూసి తిండి మార్చకండి. ఒంట్లో పేస్‌మేకర్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరం ఉన్న పిల్లలకు అసలు వాడకూడదు.

డెక్సా స్కాన్ వేరు. ఛాతీ ఎక్స్‌రే కన్నా తక్కువ రేడియేషన్‌తో ఎముక, కండ, కొవ్వు మూడింటినీ విడివిడిగా చెబుతుంది. అయితే స్కాన్ సెంటర్లలో డెక్సా అనగానే పెద్దవాళ్లకు తీసే వెన్ను, తుంటి ఎముకల పరీక్షే చేసి పంపవచ్చు. "ఒళ్లంతా బాడీ కంపోజిషన్ కావాలి, పిల్లల రిఫరెన్స్‌తో ఇస్తారా?" అని ముందు ఫోన్ చేసి అడగండి. పిల్ల కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోగలగాలి. వెన్నులో రాడ్లు, తుంటిలో ప్లేట్లు ఉంటే లెక్క తారుమారవుతుంది, ముందే చెప్పండి. ప్రతి ఏడాదీ అక్కర్లేదు. ఎముకలు విరుగుతున్నప్పుడు, ట్యూబు ఆహారం మొదలుపెట్టే ముందు, డాక్టరు అయోమయంలో ఉన్నప్పుడు చేయిస్తే ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది.

మిగతా వైకల్యాల గురించి క్లుప్తంగా. స్పైనా బిఫిడా ఉన్న పిల్లలకు కాళ్లు పొట్టిగా ఉండి బీఎంఐ అబద్ధం చెబుతుంది. చేతులు చాపి వేలి కొన నుంచి వేలి కొన దాకా కొలిచే పద్ధతి వాళ్లకు నయం. వాళ్లలో లేటెక్స్ అలర్జీ ఎక్కువ, రబ్బరు గ్లవ్స్‌తో ముట్టుకోవద్దని ముందే చెప్పాలి. డుషెన్ కండర క్షీణత ఉన్న మగపిల్లల్లో పిక్కలు బలంగా ఉబ్బి కనిపిస్తాయి, కండ పోయి దాని స్థానంలో కొవ్వు చేరడమే దానికి కారణం. బరువు మామూలుగా ఉందని సంబరపడవద్దు. స్టెరాయిడ్లు మొదలయ్యాక ఆకలి పెరిగి బరువు ఎగబాకుతుంది కాబట్టి మొదలుపెట్టిన నెలే మడత కొలిపించి ఉంచండి. చంక కర్రలతో నడిచే పిల్లలకు, చక్రాల కుర్చీ తామే తోసుకునే పిల్లలకు చేతి చుట్టుకొలత పెద్దదిగా వస్తుంది, అది కండ. చేతి చుట్టుకొలత చూసే అంగన్‌వాడీ టేపు పచ్చరంగు చూపించినంత మాత్రాన నిల్వలున్నట్టు కాదు. మడత మందాన్ని సెంటీమీటర్లలోకి మార్చి 3.14తో గుణించి చుట్టుకొలతలోంచి తీసేస్తే కండ వాటా తెలుస్తుంది. చుట్టుకొలత 18, మడత 0.8 అయితే కండ చుట్టుకొలత పదిహేనున్నర.

టేపుగానీ పరికరంగానీ లేని రోజు కూడా మీ చేతిలో ఒక కొలమానం ఉంది. అదే కాలిపర్ పట్టీ. నెల కిందట మూడో రంధ్రానికి వచ్చే పట్టీ ఇప్పుడు రెండోదానికే వస్తోందా, విప్పాక చర్మం మీద ఎర్రటి గాట్లు అరగంట దాకా పోవడం లేదా, లేక వదులై జారుతోందా? బరువు పట్టికలో తేడా కనిపించేలోపే తొడ, పిక్క చుట్టూ తేడా ఇక్కడ కనిపిస్తుంది. నీరు పట్టినా పట్టీ బిగుస్తుంది, అందుకని వేలితో నొక్కి గుంట పడుతుందేమో కూడా చూడండి.

ఇవన్నీ చేస్తూ పిల్లను మరిచిపోకండి. డాక్టర్లు, థెరపిస్టులు, బంధువులు ఎవరుపడితే వాళ్లు ముట్టుకునే ఒళ్లు అది. మడత కొలిచే ముందు మీ చేతి మీద కొలిచి చూపించండి, తర్వాత పిల్లను అడగండి. మాట రాకపోయినా అడగండి. కళ్లతో, నవ్వుతో, చేయి వెనక్కి లాక్కోవడంతో జవాబు చెబుతుంది. వద్దంటే ఆ రోజుకు మానేయండి. పిల్ల ముందు "లావైంది, మోయలేకపోతున్నా" అనే మాట రానివ్వకండి, నడుం నిజంగా విరుగుతున్నా సరే. నడుం సంగతి ఫిజియోథెరపిస్టుతో విడిగా మాట్లాడండి, ఎత్తడానికి మేలైన పద్ధతులున్నాయి. పదకొండు, పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు తెర వేయించి, ఆడవాళ్లతోనే కొలిపించండి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషన్. ఆ కాసేపట్లో ఫైలు ఒకసారి తీసి చూసుకోండి. ఒక పేజీలో తేదీ, కాలిపర్లు లేకుండా బరువు, మోకాలి ఎత్తు, చేతి చుట్టుకొలత, రెండు మడతలు, పట్టీ రంధ్రం, మలబద్ధకం ఉందా లేదా, ఒక పూట తినడానికి పట్టే సమయం. కిందటి ఆరు నెలల అంకెలు పక్కనే ఉండాలి. డాక్టరు ముందు కూర్చోగానే ఆ పేజీ తెరిచి పెట్టి, "బరువు సంగతి తర్వాత సార్, ఈ రెండు మడతలు ఎటు పోతున్నాయో చూడండి" అని మొదలుపెట్టండి.